హైస్కూలు ఫుట్‌బాల్ ఆడే పిల్లవాడి తల, గుండె, మోకాళ్ళు: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. డాలస్ శివారులో ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి, ఏడో తరగతిలో ఒక సీజను అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, ఇప్పుడు హైస్కూలు జట్టులో చేరతానంటున్నాడు. వాడి ఒడ్డూ పొడుగూ చూసిన కోచ్, ఇంకో ముప్ఫై పౌండ్లు బరువు పెరిగితే లైన్‌లో, అంటే ఎదుటి జట్టును ఢీకొని నిలువరించే ముందు వరుసలో, ఆడిస్తానన్నారు. మీ ఆవిడ ససేమిరా వద్దంటున్నారు. ఒక్క కంకషన్ (తల అదిరి మెదడు పనితీరు తాత్కాలికంగా తప్పే దెబ్బ) కూడా తగలకుండా జాగ్రత్తపడితే చాలదా అన్నది మీ ప్రశ్న.

చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికే ఇంత పొడుగున రాస్తున్నాను. నేను గుంటూరులో వైద్యం చదివి, అమెరికాలో ఫిజికల్ మెడిసిన్‌లో (పునరావాస వైద్యంలో) శిక్షణ పొంది, ఇరవై ఏళ్ళకు పైగా టెక్సస్ హైస్కూలు జట్ల వెంట శుక్రవారం రాత్రులు మైదానం అంచున నిలబడిన వైద్యుణ్ణి. ఆట మీద నాకు ద్వేషం లేదు. ఆ రాత్రుల్లో ఊరు ఊరంతా స్టేడియానికి కదలి రావడం చూసినవాళ్ళెవరికీ, పిల్లలకు దానిమీద అంత మోజు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ముందు తల సంగతి. మెదడు మనం అనుకునేంత గట్టి పదార్థం కాదు; గిన్నెలో నీళ్ళ మధ్య పెట్టిన జున్నుముక్కను ఊహించుకోండి. తల ఒక్కసారిగా ఆగినా, ముఖ్యంగా మెడ మీద గిర్రున తిరిగినా, లోపలి మెదడు కపాలంతో సమానంగా కదలలేదు. అప్పుడు నాడీకణాల పొడవాటి తంతువులు సాగుతాయి, మెలితిరుగుతాయి, కొన్ని తెగిపోతాయి. హెల్మెట్ చేసేది కపాలం పగలకుండా కాపాడడం, ఆ పనిని అది బ్రహ్మాండంగా చేస్తుంది. కానీ కుండకు బయట ఎన్ని గుడ్డలు చుట్టినా లోపలి పెరుగు తొణకకుండా ఉండదు. అందుకే ఖరీదైన హెల్మెట్ కొనిస్తే కంకషన్ రాదన్న మాటను నమ్మవద్దు. పైన తొడిగే మెత్తటి గార్డియన్ క్యాప్‌ల వంటివి దెబ్బ బలాన్ని కొంత తగ్గించవచ్చు, అంతకుమించి వాటి మీద భారం వేయలేము.

కంకషన్ అంటే లక్షణాలు బయటపడిన దెబ్బ. తలనొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, వాంతులు, ఆటలో ఏ క్వార్టర్ (నాలుగు భాగాల్లో ఏది) నడుస్తోందో గుర్తులేకపోవడం వంటివి కనిపించినప్పుడు మనం దాన్ని లెక్కలో వేస్తాము. లైన్‌లో ఆడే కుర్రవాడి పరిస్థితి వేరు. బంతి కదిలిన ప్రతిసారీ ఎదుటివాడిని ఢీకొనడమే అతని పని కాబట్టి, ఒక్క సీజనులోనే అతని తలకు వందల కొద్దీ చిన్న దెబ్బలు తగులుతాయి. వాటిలో ఒక్కటీ కంకషన్ కాకపోవచ్చు, అతనూ ఏమీ కాలేదనే చెబుతాడు. ఇండియానాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వారు ఒక హైస్కూలు జట్టు పిల్లల హెల్మెట్లలో సెన్సర్లు అమర్చి, సీజనుకు ముందూ మధ్యలోనూ ఎంఆర్ఐ తీసి చూసినప్పుడు, కంకషన్ అని ఎవరూ నిర్ధారించని పిల్లల్లో కూడా కొందరి మెదడు పనితీరులో మార్పు కనిపించింది. 2023లో బోస్టన్ పరిశోధకులు, మరణించిన 631 మంది ఆటగాళ్ళ మెదళ్ళను వారి ఆట చరిత్రతో పోల్చి చూసినప్పుడు, మెదడు వ్యాధిని సూచించినది కంకషన్ల లెక్క కాదు. ఏళ్ళ తరబడి తల భరించిన దెబ్బల మొత్తం బలం. అంతకు ముందు, 2020లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, ఆడిన ప్రతి ఏడాదికీ ఆ వ్యాధి ఉండే అవకాశం సుమారు 30 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. కాబట్టి ఏ స్థానంలో, ఎన్నేళ్ళు, వారానికి ఎన్నిసార్లు ఢీకొంటూ ఆడతాడు అన్నదే మీరు తేల్చుకోవలసిన విషయం.

ఆ వ్యాధి పేరు సీటీఈ. పదే పదే తగిలిన దెబ్బల తరువాత, టౌ అనే ప్రోటీన్ మెదడు ముడతల లోతుల్లో, సన్నటి రక్తనాళాల చుట్టూ పేరుకుపోవడం దీని గుర్తు. బాక్సర్లలో ఇటువంటి స్థితిని 1928లోనే న్యూజెర్సీ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ వర్ణించారు. ఫుట్‌బాల్‌లో మాత్రం అది బయటపడడానికి 2002 దాకా పట్టింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు సెంటర్‌గా ఆడిన మైక్ వెబ్‌స్టర్, అంటే మీ అబ్బాయిని ఆడిస్తామంటున్న ఆ లైన్‌కు నట్టనడుమ 17 సీజన్లు ఆడిన మనిషి, చివరికి మతిస్థిమితం తప్పి, కొన్నాళ్ళు తన వాహనంలోనే పడుకుంటూ, 50వ ఏట మరణించారు. శవపరీక్ష చేసిన నైజీరియా సంతతి వైద్యుడు బెనెట్ ఒమాలుకు ఆ మెదడు పైకి మామూలుగానే కనిపించింది. ఆయన అంతటితో వదలక, పలచటి పొరలు కోయించి సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఆ టౌ పేరుకుపోయి కనిపించింది. 2005లో ఆయన ఆ సంగతిని పత్రంగా ప్రచురిస్తే, ఎన్ఎఫ్ఎల్ (అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్) తలదెబ్బల కమిటీ వైద్యులు దాన్ని వెనక్కి తీసుకోవాలని పత్రికకు రాశారు. 1994లో ఏర్పడిన ఆ కమిటీకి చాలాకాలం అధ్యక్షత వహించినది నరాల వైద్యుడు కూడా కాదు, కీళ్ళవాతం చూసే వైద్యుడు. ఆటకూ సీటీఈకీ సంబంధం ఉందని లీగ్ ఉన్నతాధికారి ఒకరు అమెరికా కాంగ్రెస్ ప్రతినిధుల ఎదుట ఒప్పుకున్నది 2016లో. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఆటతో బతికే సంస్థలు ఆట గురించి ఇచ్చే భరోసాను ఎంతవరకు నమ్మాలో తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

ఇక మీ ఆవిడ చూపించిన అంకె. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ మెకీ బృందం పరీక్షించిన 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళలో 110 మందికి సీటీఈ ఉంది. ఆ అంకె నిజమే, కానీ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడిన వందమందిలో తొంభైతొమ్మిది మందికి ఈ జబ్బు వస్తుందని దాని అర్థం కాదు. ఏదో తేడా గమనించిన కుటుంబాలే ఎక్కువగా మెదడును దానం చేస్తాయి. వరి పొలంలో తెగులు సోకిన దుబ్బులనే ఏరి తెచ్చి పరీక్షిస్తే చేను మొత్తం పోయినట్టే కనిపిస్తుంది. అదే అధ్యయనంలో మీకు పనికివచ్చే భాగం వేరే ఉంది. హైస్కూలుతోనే ఆట ఆపేసిన 14 మందిలో ముగ్గురికి, కాలేజీ దాకా ఆడిన 53 మందిలో 48 మందికి వ్యాధి కనిపించింది. ఏరి తెచ్చిన మెదళ్ళలో కూడా ఆట కాలం పెరిగేకొద్దీ వ్యాధి ఎలా పెరుగుతోందో అక్కడ చూడండి. రెండోవైపు, విస్కాన్సిన్‌లో 1957లో హైస్కూలు పూర్తిచేసిన మగవారిని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనంలో, ఫుట్‌బాల్ ఆడినవారికీ ఆడనివారికీ మధ్య అరవై అయిదేళ్ళ వయసులో జ్ఞాపకశక్తిలో గానీ కుంగుబాటులో గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆనాటి పిల్లలు ఇంత బరువుండేవారు కాదు, ఇన్ని నెలలు సాధన చేసేవారూ కాదు కాబట్టి దాన్ని పట్టుకుని నిశ్చింతగా ఉండలేము. నా మటుకు నేను చెప్పగలిగినది, హైస్కూలుతో ఆపే పిల్లవాడికి ఈ ముప్పు సున్నా కాదు, కానీ వార్తలు చూసి భయపడేంత పెద్దదీ కాదు. ఆ పైన కాలేజీకి వెళ్ళే ప్రతి ఏడాదీ లెక్క మారుతుంది. సీటీఈని ఖాయంగా నిర్ధారించడం ఇప్పటికీ మరణానంతరమే సాధ్యం. బతికున్న మనిషికి స్కాన్ తీసి ఉందో లేదో చెబుతామనేవారి దగ్గర డబ్బు పోగొట్టుకోకండి.

మనసు గురించి అడిగారు. జూనియర్ సేయావ్, డేవ్ డ్యూర్సన్ వంటి ప్రసిద్ధ ఆటగాళ్ళు ఆత్మహత్య చేసుకున్న తరువాత వారి మెదళ్ళలో సీటీఈ కనిపించడంతో, ఆ జబ్బు ఉంటే ఇక అంతే అన్న భయం మాజీ ఆటగాళ్ళలో పాకింది. ఆ భయమే ఒక హానిగా మారింది. 1959 నుంచి 1988 వరకు ఎన్ఎఫ్ఎల్‌లో కనీసం అయిదు సీజన్లు ఆడిన 3,439 మంది మరణాలను ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్కగట్టినప్పుడు, ఆత్మహత్యలు సాధారణ జనాభా కన్నా తక్కువగానే తేలాయి. మొత్తం మరణాలు కూడా తక్కువే, ఎందుకంటే వారు మొదటి నుంచీ దృఢమైన మనుషులు. అదే గుంపులో అల్జీమర్స్, ఏఎల్ఎస్ జబ్బుల వల్ల మరణాలు మాత్రం సుమారు నాలుగు రెట్లు ఉన్నాయి. అల్జీమర్స్ తెలిసినదే, ఏఎల్ఎస్ అంటే కండరాలను నడిపే నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే వ్యాధి. అంటే ఆట మెదడుకు చేసే హాని నిజమే, కానీ దిగులుగా ఉన్న ప్రతి ఆటగాడికీ నయంకాని జబ్బే ఉందనుకోవడం తప్పు. కుంగుబాటుకు, నిద్రలేమికి, నొప్పికి మందులూ కౌన్సెలింగూ పనిచేస్తాయి, సీటీఈ అనుమానం ఉన్నవారికి కూడా.

పిల్లల్లో నేను ఎక్కువగా చూసే దిగులుకు కారణం వేరు. ఆటే తన ఉనికి అనుకున్న కుర్రవాడికి మోకాలు తిరిగి తొమ్మిది నెలలు మూలన కూర్చోవలసి వస్తే, జట్టు తనను మరిచిపోయిందన్న బాధ మోకాలి నొప్పి కన్నా ఎక్కువగా కాలుస్తుంది. ఇండియనాపోలిస్ జట్టు ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2019లో 29 ఏళ్ళకే ఆట మానేసినప్పుడు చెప్పిన కారణం ఇటువంటి చక్రమే: దెబ్బ, నొప్పి, కోలుకోవడం, మళ్ళీ దెబ్బ. అప్పుడు ప్రేక్షకులు ఆయన్ను చూసి వెక్కిరింపు కూతలు కూశారు. మన పిల్లల విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. జట్టులో తానొక్కడే మన పోలికలవాడు అయినప్పుడు, ఒప్పుకున్న చోటు పోతుందేమోనని నొప్పిని ఎక్కువగా దాచుకుంటాడు. ఇంట్లో అమ్మ ఎలాగూ వద్దంటోంది కనుక అక్కడా చెప్పడు. మీ ఆవిడ అభ్యంతరంలో తప్పు లేదు, కానీ దెబ్బ తగిలిందని చెబితే ఆట మాన్పిస్తారన్న భయం వాడికి కలిగిందా, వాడి నోట ఇక నిజం రాదు. మంచి వైపు కూడా చెప్పాలి. చదువులో తప్ప దేనిలోనూ గుర్తింపు లేని పిల్లలు ఒక జట్టులో చోటు దొరికి నిలదొక్కుకోవడం నేను కళ్ళారా చూశాను. అయితే అది బాస్కెట్‌బాల్‌లోనూ, ట్రాక్‌లోనూ, బ్యాండ్‌లోనూ దొరుకుతుంది.

నొప్పి మాత్రల గురించి ఒక్క మాట. 2011లో ప్రచురితమైన ఒక సర్వేలో 644 మంది మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళలో 52 శాతం మంది ఆడే రోజుల్లో ఓపియాయిడ్ మందులు (నల్లమందు తరహా నొప్పి మాత్రలు) వాడామన్నారు; వాడినవారిలో 71 శాతం మంది దుర్వినియోగం చేశామని ఒప్పుకున్నారు. హైస్కూలు వయసులో ఆపరేషన్ తరువాత ఇచ్చే మాత్రల సీసా మీ బీరువాలో, మీ తాళం కింద ఉండాలి.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను, ఎందుకంటే వచ్చే ఆగస్టులో మీ అబ్బాయికి సీటీఈ కన్నా దగ్గరగా ఉన్న ప్రమాదం ఎండ. 2001లో మినసోటా వైకింగ్స్ లైన్‌మన్ కోరీ స్ట్రింగర్ సాధన శిబిరంలో కుప్పకూలి, శరీరం 108 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి కాగిపోయి, 27వ ఏట చనిపోయారు. 2018లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మెక్‌నేర్ అనే 19 ఏళ్ళ లైన్‌మన్ కూడా అలాగే మరణించాడు. ఇద్దరూ లైన్‌మన్‌లే కావడంలో వింత లేదు. పెద్ద శరీరం ఎక్కువ వేడిని పుట్టిస్తుంది, ఆ మోతాదులో చర్మం నుంచి దాన్ని వదల్లేదు, పైగా భుజాలకు, ఛాతీకి, తలకు కవచాలు. మే నెలలో రెంటచింతల ఎండ చూసినవాళ్ళకు వడదెబ్బ గురించి నేను చెప్పాలా అనుకోవచ్చు. తేడా ఉంది. మన వైపు వడదెబ్బ ఎక్కువగా ముసలివారికి, పొలంలో కూలీలకు తగులుతుంది, అప్పుడు నీడకు చేర్చి మజ్జిగ తాగిస్తాము. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో పిల్లవాడు అప్పటికింకా చెమట కారుస్తూనే ఉండవచ్చు, తిక్కగా మాట్లాడుతూ కోచ్ మీద అరుస్తూ కూడా ఉండవచ్చు. అతని ప్రాణం అరగంటలోపు శరీరాన్ని చల్లబరచడం మీద ఆధారపడి ఉంటుంది. అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా, కవచాలు ఊడదీసి, మంచునీళ్ళు నిండిన తొట్టిలో మెడ దాకా ముంచాలి. చల్లబరచిన తరువాతే ఆసుపత్రికి పంపాలి. వేడిని కొలవడానికి నోటిలోనో నుదుటి మీదో పెట్టే థర్మామీటర్ ఇక్కడ పనికిరాదు, మలద్వారం ద్వారా చూడాలి. ఇది సరిగా చేసినచోట పిల్లలు దాదాపు అందరూ బతుకుతారు.

కాబట్టి మీరు బడికి వెళ్ళినప్పుడు కోచ్‌తో గెలుపు ఓటముల గురించి కాక, ఆటగాళ్ళ గాయాలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్‌తో ఆ మంచునీళ్ళ తొట్టి గురించి మాట్లాడండి. తొట్టి ఎక్కడ ఉంది, సాధన మొదలయ్యే ముందే నీళ్ళు నింపి ఉంచుతారా, ఐసు ఎక్కడి నుంచి వస్తుంది, తొట్టి చూపించమంటే చూపిస్తారా అని అడగండి. తొలి రెండు వారాలు శరీరాన్ని ఎండకు అలవాటు చేస్తూ, మొదట హెల్మెట్‌తో, తరువాత భుజకవచాలతో, ఆ తరువాతే పూర్తి సరంజామాతో సాధన చేయిస్తారా అని కూడా అడగండి. జూలై అంతా ఏసీ గదిలో గడిపి ఆగస్టు మొదటి వారం మైదానంలోకి దిగే పిల్లలే ఎక్కువగా పడిపోతారు. గుండె అదిరి ఆగిపోతే షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం సాధన స్థలానికి ఎన్ని నిమిషాల దూరంలో ఉందో కూడా తెలుసుకోండి. 2023 జనవరిలో బఫలో ఆటగాడు డమార్ హామ్లిన్ ఛాతీకి తగిలిన దెబ్బతో గుండె లయ తప్పి సిన్సినాటి మైదానంలో పడిపోయినప్పుడు, అతణ్ణి బతికించినది నిమిషం వృథా చేయకుండా ఛాతీని నొక్కుతూ చేసిన సీపీఆర్, ఆ యంత్రమే. అథ్లెటిక్ ట్రైనర్ లేని బడి అయితే నా సలహా స్పష్టం: అక్కడ ఆడనివ్వకండి.

బరువు విషయంలో కోచ్ మాట నన్ను కలవరపెట్టింది. ఎన్ఎఫ్ఎల్ లైన్‌మన్‌లు ఇప్పుడు 300 పౌండ్లు, అంటే 136 కిలోలు దాటడం మామూలు. ఆ నమూనా హైస్కూలు దాకా దిగివచ్చింది. పెద్ద శరీరమున్న ఆటగాళ్ళలో రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఏప్నియా, గుండె గోడ మందం కావడం చిన్న వయసులోనే కనిపిస్తున్నాయి. ఆట మానేసిన తరువాత కండ కరుగుతుంది గానీ తిండి అలవాటు, పొట్ట మిగిలిపోతాయి. తెల్లవారికీ నల్లవారికీ ఇదే ప్రమాదమైతే, మనకు ఇంకా ఎక్కువ. దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే చక్కెర జబ్బు, గుండె జబ్బు వస్తాయి. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా సంతతి వారికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు కొలత) 25 దాకా ఆగకుండా 23 నుంచే పరీక్షలు చేయమంటుంది. మీ నాన్నగారికి నలభై అయిదేళ్ళకే బైపాస్ జరిగిందని మీరే రాశారు. ఆ ఇంటి పిల్లవాణ్ణి పధ్నాలుగో ఏట ముప్ఫై పౌండ్లు పెంచమనడం నేను ఒప్పుకోలేను. ఆడితే ఉన్న బరువుతో, దానికి తగ్గ స్థానంలో ఆడాలి.

కీళ్ళ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మోకాలి లోపలి ఏసీఎల్ అనే బంధకం తెగితే ఆపరేషన్‌తో ఆటలోకి తిరిగి రావచ్చు, కానీ ఆ మోకాలికి పదిహేను, ఇరవై ఏళ్ళలో అరుగుదల వచ్చే అవకాశం మిగతావారికన్నా బాగా ఎక్కువ. మెడ విరిగి కాళ్ళూచేతులూ పడిపోయే ప్రమాదాలు మాత్రం 1976లో తలను ముందుకు పెట్టి గుద్దడాన్ని నిషేధించిన తరువాత బాగా తగ్గాయి. నియమం మారితే గాయం తగ్గుతుందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కళాశాలల ఐవీ లీగ్ 2016లో సీజను సాధనలో పూర్తిస్థాయి టాకిల్‌లను, అంటే ఎదుటివాణ్ణి ఢీకొని పట్టి కింద పడేయడాన్ని, తీసేసింది. అదే లీగ్‌లోని డార్ట్‌మత్ కోచ్ బడ్డీ టీవెన్స్ అంతకు ఆరేళ్ళ ముందే సాధనలో ఆటగాళ్ళు ఒకరినొకరు టాకిల్ చేయడం మానిపించినా, జట్టు గెలుపులేమీ తగ్గలేదు. దెబ్బల్లో పెద్ద వాటా సాధనలోనే తగులుతుంది కాబట్టి, వారానికి ఎన్ని నిమిషాలు పూర్తిగా ఢీకొట్టే సాధన ఉంటుందో కోచ్‌ను సూటిగా అడగండి. నీళ్ళు నమిలితే అదే మీ జవాబు.

ఆడనివ్వాలనే నిర్ణయిస్తే తలదెబ్బ విషయంలో ఇంటి పద్ధతి ఇలా ఉండాలి. అనుమానం వచ్చిన రోజు ఆట ముగిసినట్టే. టెక్సస్ చట్టం కూడా 2011 నుంచి అదే చెబుతోంది, వైద్యుడు రాసి ఇచ్చేదాకా తిరిగి రానివ్వకూడదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే పిల్లల మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే, కానీ నియమం పుట్టింది అందుకే. మునుపటిలా చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం ఇప్పుడు సరికాదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత నడక, తేలికపాటి సైకిల్ మొదలుపెట్టిన పిల్లలు త్వరగా కోలుకుంటున్నారని 2019లో జరిగిన పరీక్షలో తేలింది. ముందు తరగతి గదికి, తరువాతే మైదానానికి, అక్కడా మెట్టుమెట్టుగా తిరిగి రావాలి. తలనొప్పి పెరుగుతున్నా, పదే పదే వాంతులవుతున్నా, మగత కమ్ముతున్నా ఇంటి దగ్గర ఉంచకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళండి.

నా ఇంట్లో అయితే ఏమి చేసేవాడినని అడిగారు. మా అబ్బాయి అడిగినప్పుడు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడించాను. ఢీకొనకుండా నడుముకు కట్టిన పట్టీ లాగితే టాకిల్ అయినట్టు లెక్క. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ ఆట ఉంది. వాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు, అది కూడా చెప్పాలి. మీ అబ్బాయి మాట వినకపోతే, రెండేళ్ళే ఆడడం, లైన్ కాని స్థానం, ట్రైనర్ ఉన్న బడి అన్న మూడు షరతుల మీద నేను ఒప్పుకునేవాడిని.

చివరగా, ఏడో తరగతిలో ఆడిన సీజను వల్ల ఇప్పటికే ఏమైనా అయిందా అన్న మీ ఆవిడ భయానికి. ఆ వయసులో ఒక్క సీజను, అదీ లక్షణాలేవీ లేకుండా గడిచింది కాబట్టి, ఎంఆర్ఐ తీయించవలసిన పని లేదు, తీసినా మీకు కావలసిన జవాబు అందులో కనిపించదు. చదువు, నిద్ర, కోపం, తలనొప్పి మునుపటిలాగే ఉన్నాయా లేదా అన్నదే చూడండి. మేలో బడివారు చేసే శారీరక పరీక్షకు వెళ్ళేటప్పుడు మీ నాన్నగారి గుండె చరిత్రను ఫారంలో తప్పకుండా రాయండి. ఆ గడిని ఖాళీగా వదిలేసే తెలుగు కుటుంబాలను నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.